మంచుకొండల గుహకు వంటకు పోయిన యాదలక్ష్మి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా ఒక లేడీస్ హాస్టల్ బోర్డు నెత్తికి తగులుతుంది. ప్రతి బోర్డు మీదా 'ఇంటి భోజనం' అని రాసే ఉంటుంది. లోపలికి పోయి చూస్తే పప్పులో పప్పు వెతుక్కోవాలి. అయితే మెట్రో స్టేషన్ వెనక, కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న ఒక పాత హాస్టల్లో మాత్రం ఆ మాట అబద్ధం కాదు. అక్కడ వంట చేసేది యాదలక్ష్మి. పిల్లలంతా యాదక్క అంటారు.

యాదక్క నోరు మంచిది కాదు. ఈ మాట ఆమె ముందే అనొచ్చు, ఏమీ అనుకోదు. పళ్ళెంలో అన్నం వదిలేసిన పిల్లని పట్టుకుని, "మీ అయ్య ఆడ ఎండల మాడుతుండు, నువ్వీడ మెతుకులు పారబోస్తున్నవా?" అని గరిటె ఊపుతుంది. అదే పిల్ల పరీక్ష తప్పి గదిలో ముసుగుతన్ని పడుకుంటే, ఉడికించిన గుడ్డూ అన్నమూ తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా మెట్లు దిగొస్తుంది. ఆమెది అదో రకం.

అలా ఆమె తిట్లూ తిండీ తిన్నవాళ్ళలో మృదుల ఒకతి. ఒంగోలు పక్క నుంచి సర్కారు ఉద్యోగాల పరీక్షలకని వచ్చి, సగంలో ఆ చదువు వదిలేసి, పురావస్తు శాస్త్రం వైపు మళ్ళింది. ఇంట్లోవాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. యాదక్క కూడా ఊరుకోలేదు. "బొక్కలు తవ్వే నౌకరీ గూడ ఒక నౌకరేనా? నిన్నెవడు చేసుకుంటడు?" అని దెప్పింది. మృదుల నవ్వేసి వెళ్ళిపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం ఆ మృదులే హాస్టల్ వంటింటి గుమ్మంలో నిలబడింది. ముఖం నల్లబడింది, చెంపల మీద చర్మం పగిలింది. యాదలక్ష్మి దొండకాయలు తరుగుతోంది.

"అక్కా, ఒక నెల నాతో వస్తావా? వంటకి."

"యాడికి?"

"హిమాలయాలకి. టిబెట్ సరిహద్దు వైపు చాలా ఎత్తున ఒక గుహ ఉంది. పాతకాలంలో అక్కడ మనుషుల్ని పూడ్చిపెట్టారు. వాళ్ళెవరో, ఎలా బతికారో మేం చదువుతున్నాం."

"బొందలగడ్డకాడ వంట జేయాల్నా? నీకేమన్న పిచ్చి లేసిందా మృదులమ్మా?" అంది యాదలక్ష్మి. బొంద అంటే సమాధి గుంత. ఆమె పుట్టి పెరిగిన పల్లెలో ఆడవాళ్ళు బొందలగడ్డ వైపు చూపు కూడా తిప్పరు.

"పోయినేడాది వంటమనిషి దొరక్క నూడుల్స్ తిని తిని అందరం మంచాన పడ్డాం అక్కా. నువ్వు గుహలోకి రానక్కర్లేదు. కింద గుడారం దగ్గరే ఉందువుగాని. అన్నం, పప్పు, చారు. అంతే."

"నేను రాను పో," అని యాదలక్ష్మి మళ్ళీ దొండకాయల మీద పడింది. కాసేపటికి కత్తిపీట ఆగింది. తల ఎత్తకుండానే అడిగింది.

"మన్నుల పెట్టినోళ్లు గన్ని ఏండ్లైనంక ఏమన్న మిగుల్తరా?"

"మిగులుతారక్కా. చోటు మంచిదైతే ఎలా పడుకోబెట్టారో కూడా తెలుస్తుంది. పక్కకా, వెల్లకిలా, ముఖం ఎటు తిప్పారు, అన్నీ."

యాదలక్ష్మి చేతులు కడుక్కుంది. కొంగుకు తుడుచుకుంది. "ఎన్నడు పోవాలె?" అంది.

ఇంత మొండిమనిషి అంత చప్పున ఎందుకు ఒప్పుకుందో మృదులకు తెలియదు. మనం తెలుసుకోవాలి.

యాదలక్ష్మిది నల్లగొండ దిక్కు. కృష్ణను పెళ్ళి చేసుకునేసరికి ఆమెకు తల్లి లేదు. అందుకని మొదటి కాన్పు అత్తగారింట్లోనే జరగాల్సి వచ్చింది. అత్త రాములమ్మ మంచిదే. "నేనున్న గదనే, నీకెందుకు భయం? మనుమణ్ణి నా చేతులతోనే ఎత్తుకుంట," అనేది. కానీ ఏం చేస్తాం? కాన్పుకు వారం ముందు జ్వరం తగిలి, రాములమ్మే మంచం మీదనుంచి లేవకుండానే ప్రాణం విడిచింది. చావింట్లోనే కొడుకు పుట్టాడు. బిడ్డ పాలు పట్టలేదు. పేరు పెట్టకముందే, ఒక పొద్దున, తల్లి ఒళ్ళోనే చల్లబడిపోయాడు.

కృష్ణ అప్పుడు లారీ మీద క్లీనరు. బొంబాయి రోడ్డు మీద ఎక్కడో ఉన్నాడు. కబురు చెప్పే దారి లేదు. మామ మట్టయ్య వచ్చి, కోడలి ఒళ్ళోంచి బిడ్డను తీసుకుని, పాత ధోవతి గుడ్డలో చుట్టి, భుజాన పార వేసుకుని, ఒక్కడే పోయాడు. అక్కడ పసిపిల్లలకు పాడె ఉండదు, డప్పు ఉండదు. ఒక్క మగమనిషి తీసుకుపోతాడు, మట్టిలో పెడతాడు, వెనక్కి చూడకుండా వస్తాడు. ఎక్కడ పెట్టాడో తల్లికి చెప్పడు, తల్లి అడగదు. అడిగితే ప్రాణం అక్కడే కొట్టుకుంటుందని, ఇంకో కడుపు పండదని వాళ్ళ నమ్మకం. మట్టయ్య తిరిగొచ్చి, బావి దగ్గర స్నానం చేసి, అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు మూసిన నోరు మళ్ళీ ఆ సంగతి మీద తెరవలేదు.

ఊళ్ళోవాళ్ళు మాత్రం నోరు మూసుకుంటారా? "రాములమ్మే వచ్చి మనుమణ్ణి తీస్కపోయింది," అన్నారు. యాదలక్ష్మి ఆ మాట నమ్మిందా అంటే నమ్మింది. పచ్చి బాలింత ఏదో ఒకటి నమ్మాలి కదా. చచ్చిపోయిన అత్త మీద ఆమె గుండెలో ఒక పగ గడ్డకట్టి కూర్చుంది.

కానీ ఆమెను తినేసింది ఆ పగ కాదు. ఒక్కటే ప్రశ్న. మన్ను పోసేటప్పుడు బిడ్డ ముఖం మీద పడిందా? మట్టయ్య మంచివాడే గానీ మొరటు మనిషి. గుంత తీశాడు, పెట్టాడు, పారతో మన్ను లాగాడు, అంతేనా? ముఖం పైకి ఉందా? కళ్ళలో పడిందా, నోట్లో పడిందా? చచ్చిపోయిన బిడ్డకు ఏం తెలుస్తుంది అని మనం అనొచ్చు. తల్లికి చెప్పి చూడండి. బోర్లు ఎండిపోయి ఊరు వదిలి ఎల్బీనగర్‌లో కిరాయి గదుల్లోకి వచ్చాక కూడా ఆ ప్రశ్న ఆమెతోనే వచ్చింది. కూడలిలో ఫ్లైఓవర్లు కట్టేటప్పుడు టిప్పర్లు మట్టి గుమ్మరిస్తుంటే, హాస్టల్‌కు పోయే ఆటోలో ఆమె ముఖం తిప్పుకుని కూర్చునేది.

తర్వాత కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్ళయి హయత్‌నగర్‌లో ఉంది. కృష్ణ డ్రైవరై గడ్డిఅన్నారం మార్కెట్టుకు బత్తాయిలు తోలాడు. మార్కెట్టు ఎత్తేశాక ఊరి బయటికి తోలుతున్నాడు. అన్నీ మామూలుగానే జరిగాయి. మట్టయ్య వాళ్ళతోనే ఉంటాడు. ఎన్నిసార్లో ఆమె అన్నం వడ్డిస్తూ, "మామా," అని మొదలుపెట్టేది. ఆయన తలెత్తి చూసేవాడు. "ఇంకింత చారు పొయ్యనా?" అని ముగించేది. ఆయన్ని చారులో ముంచేసింది గానీ, ఆ మాట మాత్రం అడగలేకపోయింది. మర్యాద ఒకటి అడ్డం. ఆ జవాబు ఎట్లా ఉంటుందోనన్న భయం అంతకంటే పెద్ద అడ్డం.

ఈమధ్య మట్టయ్య మతి తప్పుతున్నాడు. ఉన్న చెప్పుల కోసం వెతుకుతాడు. తిని చెయ్యి కడుక్కుని, ఇంకా అన్నం పెట్టలేదంటాడు. దవాఖానలో డాక్టరు, ఇది తగ్గేది కాదు, పెరిగేది అని చెప్పేశాడు. బిడ్డ ఎక్కడున్నాడో ఈ భూమ్మీద తెలిసింది ఒక్క మనిషికే. ఆ ఒక్క మనిషీ మరిచిపోతే, ఇక ఎవరిని అడగాలి?

అదీ సంగతి. మృదుల 'ముఖం ఎటు తిప్పారో కూడా తెలుస్తుంది' అన్న మాట ఆ గాయం మీదికి సూటిగా వచ్చి తగిలింది. మామను అడిగే ధైర్యం లేదు. కనీసం మట్టిలోకి పోయినవాళ్ళకు ఏమవుతుందో కళ్ళతో చూడాలనుకుంది. కూతుర్ని తాతకు కాపలా పెట్టి, గోంగూర పచ్చడి, కారప్పొడి, చింతపండు మూటలు కట్టుకుని రైలెక్కింది.

ఢిల్లీ దాకా రైలు, ఆ పైన బస్సు, ఆ పైన జీపు. జీపు ఎక్కేకొద్దీ చెట్లు చిన్నవైపోయి, చివరికి చెట్టన్నదే లేకుండా పోయింది. అన్నీ బోడి కొండలే. ఆకాశం మాత్రం ఎంత నీలంగా ఉందంటే, యాదలక్ష్మి దాన్ని చూసి, "గిదేంది, రంగు పోసిండ్రా?" అంది. గుడారాల దగ్గరకు చేరేసరికి తల పగిలిపోతోంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. రెండ్రోజులు పడుకోబెట్టి మందులిచ్చారు. మూడో రోజు లేచి, "వంటమనిషికి మీరు వంట జేసి పెట్టుడేంది, సిగ్గు లేదా నాకు?" అని గరిటె పట్టింది.

పట్టింది గానీ, అక్కడ పరువు పోయింది పాపం. మృదుల కుక్కర్ చూపిస్తే, "హాస్టల్ల అంత మందికి గంజి వార్చి వండేదాన్ని, నాకు కుక్కర్ ఎందుకు?" అని బోర్లించి పెట్టింది. గిన్నెలో ఎసరు మరిగింది. బియ్యం వేసింది. మరుగుతూనే ఉంది, బియ్యం మాత్రం పలుకు పలుకుగానే ఉన్నాయి. నీళ్ళు పోసింది, మళ్ళీ మరిగించింది. పొద్దు వాలింది. చివరికి అన్నమూ కాదు, జావా కాదు, ఒక వింత పదార్థం తయారైంది. అంత ఎత్తున నీళ్ళు తొందరగా మరుగుతాయి గానీ వాటిలో అంత వేడి ఉండదని మృదుల చెప్పింది. "నీళ్లు గూడ మోసం జేస్తయా ఈడ!" అని యాదలక్ష్మి నోరు తెరిచింది. మర్నాటి నుంచి కుక్కర్‌కే దండం పెట్టింది. చింతపండు చారు వాసన ఆ బోడి కొండల మధ్య లేచేసరికి, తవ్వకాల వాళ్ళంతా చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

గుహ గుడారాల పైన, కొండ చెంపన ఉంది. కింద నుంచి చూస్తే చిన్న నల్లటి గీత. చాలా రోజులు ఆమె అటువైపు వెళ్ళలేదు. వెళ్ళాలనే వచ్చింది, కానీ కాళ్ళు రాలేదు. పొద్దున మృదుల ఎక్కుతుంటే చూసేది, సాయంత్రం దిగుతుంటే చూసేది. రాత్రి పడుకునే ముందు, "ఇయ్యాల ఏం కనవడ్డయి?" అని అడిగేది. ఒక రోజు మృదుల జవాబు చెప్పకుండా, ఆమె చెయ్యి పట్టుకుంది.

"రేపు టీ పైకే తీసుకురా అక్కా. నువ్వు చూడాల్సింది ఒకటి బయటపడింది."

"ఆడోళ్లం బొందలకాడికి పోవద్దమ్మా."

"లోపల ఉన్న మాలో సగంమందిమి ఆడవాళ్ళమే కదా!"

మర్నాడు ఫ్లాస్కు భుజానికి వేసుకుని ఎక్కింది. ఒక్కో మలుపు దగ్గరా కూర్చుంటూ, తిట్టుకుంటూ, దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తూ ఎక్కింది. గుహ వాకిట్లో కింది ఊరి పెద్దాయన ఏదో ఆకు పొగ వేసి, కళ్ళు మూసుకుని గొణుగుతున్నాడు. రోజూ ఆయన అలా చచ్చిపోయినవాళ్ళ అనుమతి అడిగాకే ఎవరైనా లోపల అడుగు పెట్టాలట. యాదలక్ష్మి చెప్పులు విప్పింది. ఆయన చూసి, తల ఊపి, పక్కకు జరిగి దారిచ్చాడు.

లోపల చలి, నిశ్శబ్దం. నేలంతా దారాలతో గడులు కట్టి ఉంది. ముఖాలకు గుడ్డలు కట్టుకున్నవాళ్ళు చిన్న కుంచెలతో మట్టి దులుపుతున్నారు. పార లేదు, గడ్డపార లేదు. ముగ్గు దిద్దేంత మెల్లగా దులుపుతున్నారు. మృదుల ఆమెను ఒక గుంత అంచుకు తీసుకుపోయి, లైటు కిందికి వంచింది.

యాదలక్ష్మి భయపడటానికి సిద్ధపడి వచ్చింది. కానీ భయం వేయలేదు. గుంతలో ఒక మనిషి పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని ఉంది. చలికి ముడుచుకుని పడుకున్నట్టే ఉంది. ఎముకలే. కానీ తల వెనక జడ ఉంది. అల్లిన జడ. పాయలు పాయలుగా, చివర ఉన్నిదారంతో ముడి వేసి, అట్లే ఉంది.

"జడ!" అంది యాదలక్ష్మి.

"ఇక్కడ తడి లేదు, పురుగు లేదు, చలి. అందుకే మిగిలింది," అంది మృదుల. "రెండు వేల ఏళ్ళ పైమాటే అనుకుంటున్నాం. నాకూ మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది అక్కా. చచ్చిపోయాక తన జడ తను అల్లుకోలేదు కదా. ఎవరో కూర్చుని, తల ఒళ్ళో పెట్టుకుని, అల్లి ఉంటారు."

రెండు వేల ఏళ్ళు! హైదరాబాద్ లేదు, చార్మినార్ లేదు, ఆమెకు తెలిసిన ఏ రాజూ లేడు. అప్పుడు ఎవరో ఒక ఆడమనిషి ఈ చలిలో, ఊపిరి అందని ఈ ఎత్తున, ఇంకో ఆడమనిషికి ఆఖరిసారి జడ వేసింది. ఆ వేళ్ళు ఏమైపోయాయో తెలియదు గానీ, వేసిన ముడి ఇంకా ఊడలేదు. యాదలక్ష్మి తెలియకుండానే రెండు చేతులూ జోడించింది.

"ఇటు చూడు," అంది మృదుల మెల్లగా.

ఆ మనిషి మోచేతి వంపులో ఉన్నిగుడ్డ మూట. విప్పిన అంచులో చిన్న చిన్న ఎముకలు. పిట్ట ఎముకలంత సన్నవి. యాదలక్ష్మి ఆ గుంత అంచున కూర్చుని ఇంకాస్త వంగి చూసింది.

"తల్లీ బిడ్డలా?" అంది.

"మేమూ అలాగే అనుకున్నాం. కానీ కాదు. ఆమె పళ్ళన్నీ అరిగిపోయాయి, ఎముకలు కూడా ముసలివి. ఇంత చిన్న బిడ్డకు తల్లి అయ్యే వయసు దాటి చాన్నాళ్ళయింది. అవ్వో, పొరుగామో, ల్యాబులో పరీక్షలు చేస్తే ఏమన్నా తెలుస్తుందేమో. ఇంకో సంగతి. ఆ గుంత గోడ చూడు. మట్టి రెండు రంగుల్లో ఉంది. ముసలామెను పెట్టి పూడ్చాక, కొన్నాళ్ళకు మళ్ళీ తవ్వారు. ఆమె చేతి దాకా వచ్చి ఆపి, బిడ్డను అక్కడ పెట్టి, మళ్ళీ పూడ్చారు."

"మూసిన బొంద మళ్ల తవ్వుతరా?" యాదలక్ష్మి అదిరిపడింది. "మా దిక్కు గది పెద్ద పాపం."

"వీళ్ళ దగ్గరా అయ్యుండొచ్చు. మిగతా ఏ గుంతా మళ్ళీ తవ్వినట్టు లేదు. ఇదొక్కటే. పాపమని తెలిసీ, బిడ్డను ఒంటరిగా వదలబుద్ధి కాక చేశారేమో. ఇది నా ఊహ అక్కా, దీన్ని నేను ఎక్కడా రాయలేను. మట్టి రెండుసార్లు తవ్వారని మాత్రమే రాయగలను."

ఆ రోజు పప్పు మాడింది. యాదలక్ష్మి చేతిలో పప్పు మాడటం హాస్టల్ పిల్లలెవరూ చూసి ఉండరు. ఆమె పొయ్యి ముందు కూర్చునే ఉంది గానీ, మనసు పైన గుహలోనే ఉంది. ఎవరు తవ్వి ఉంటారు? తండ్రా, తాతా? ఇంత గట్టి నేలను, ఇంత చలిలో, చేతులు పగిలిపోతుంటే తవ్వాడు. తవ్వి, బిడ్డను విసిరిపోలేదు. ఒక చెయ్యి వెతికి, ఆ చేతిలో పెట్టాడు. ఆ ముసలామె కొన్నాళ్ళ ముందే పోయిందన్న సంగతి కూడా లెక్కచేయకుండా, ఆమెకే అప్పజెప్పాడు. మనుషులు ఇట్లా ఉంటారా అని ఆమెకు ఏడుపొచ్చింది. తన బిడ్డకు ఈ మాత్రం ఎవరైనా చేశారా అని ఇంకా ఏడుపొచ్చింది. మాడిన పప్పును అందరూ వంక పెట్టకుండా తిన్నారు.

ఫోను అందాలంటే కింద ఊళ్ళోకి దిగాలి. సరుకులకు దిగిన రోజు కృష్ణకు చేసింది. "అయ్య నిన్న నన్ను ఎవలు నువ్వు అని అడిగిండే," అన్నాడతను. యాదలక్ష్మి ఫోను పట్టుకుని అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయింది. ఎంత పిచ్చిది తను! ఎక్కడో మంచుకొండల్లో ఎవరి బిడ్డనో చూడటానికి వచ్చింది, ఇంట్లో తన బిడ్డ జాడ రోజుకింత చెరిగిపోతోంది. రెండు వేల ఏళ్ళ కిందటి మనిషి ఏం చేశాడో మట్టి చెబుతోంది. బతికున్న మనిషి నోరు తెరిపించడం తన చేత కాలేదు. ఈసారి అడగాల్సిందే. మర్యాద లేదు, ఏం లేదు. ఏం చెప్పినా వినాల్సిందే.

నెల ముగిసింది. ఆమె తిరుగు రైలెక్కింది.

ఎల్బీనగర్ ఇంటికి చేరిన మర్నాడు మధ్యాహ్నం, కృష్ణ బండి తీసుకుని పోయాక, ఆమె చిక్కుడుకాయల గంప ముందేసుకుని వరండాలో కూర్చుంది. మట్టయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, హైవే మీద పోయే బస్సులను చూస్తున్నాడు. ఆమె వచ్చినప్పటి నుంచి ఆయన పలకరించలేదు. గుర్తు పట్టాడో లేదో కూడా తెలియదు.

"మామా," అంది. ఈసారి చారు మాట ఎత్తలేదు. కానీ సూటిగా అడగడానికి నోరు పెగల్లేదు. అందుకని గుహ సంగతి నుంచి మొదలుపెట్టింది. అక్కడి నుంచి తన బిడ్డ దగ్గరకు నడిచొద్దామనుకుంది.

"ఆ కొండ మీద ఒక బొంద చూసిన మామా. ముసలమ్మను పెట్టిన బొంద. అండ్ల పసిగుడ్డు గూడ ఉన్నది. తల్లి కాదట ఆమె. మూసిన బొందను మళ్ల తవ్వి, ముసలమ్మ చేతుల పెట్టిండ్రట పోరణ్ణి."

మట్టయ్య చెయ్యి కుర్చీ చేతి మీద బిగుసుకుంది. బస్సుల మీద నుంచి చూపు తిప్పి, ఆమె ముఖంలోకి చూశాడు. ఆ కళ్ళలో మతిమరుపు లేదు. భయం ఉంది.

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఏంది మామా?"

"ఎవలు చెప్పిండ్రంటున్న. నేను తవ్వంగ ఎవ్వలు చూడలే. నేను ఎవ్వలకు చెప్పలే."

యాదలక్ష్మి చేతిలో చిక్కుడుకాయ అట్లే ఉండిపోయింది. ఆయనకు కొండ లేదు, గుహ లేదు, రెండు వేల ఏళ్ళు లేవు. కోడలు తన గుట్టే చెబుతోందనుకున్నాడు. ఆమె కదల్లేదు. కదిలితే ఆ మాట చెదిరిపోతుందేమోనని ఊపిరి కూడా బిగబట్టింది.

"చెప్పు మామా," అంది మెల్లగా. "ఎవ్వలతోని అనను."

"ఏం జెయ్యాలె మరి?" మట్టయ్య గొంతు లేచింది. ఎవరో నిలదీస్తున్నట్టు మాట్లాడాడు. "పసిపిల్లలను పెట్టే జాగ ఉంటది, ముండ్లకంపల పక్కపొంటి. ఆడికే పోయిన. గుంత తీసిన. పెట్టబుద్ధి కాలే బిడ్డా. ఆడ ఎవ్వలున్నరు వానికి? ఇంత లేడు పోరడు. వాళ్లవ్వ మనుమణ్ణి ఎత్తుకుంట, ఎత్తుకుంట అని చచ్చింది. ఎత్తుకోకనే పాయె. ఆమెను పెట్టిన బొంద ఇంక పచ్చిగనే ఉండె. పారతోని తవ్వితె ఆమెకు తాకుతదని చేతులతోని తీసిన. పాపమే. తెల్సు నాకు. చీర కనవడ్డంక ఆపిన. ఇగో, ఎత్తుకో నీ మనుమణ్ణి అని, ఆమె పక్కల పండవెట్టిన."

ఆయన రొప్పుతున్నాడు. యాదలక్ష్మి కళ్ళ ముందు వరండా లేదు.

"ఊరోళ్లు ఆమెనే తీస్కపోయింది అనవట్టిరి. నేను గిట్ల జేసిన అని తెలిస్తె ఆమెను దయ్యం జేసి పెడుదురు. నువ్వు గూడ ఆమెను తిట్టుకుందువు. అందుకే చెప్పలే. నీకు గూడ చెప్పలే."

ఇన్నేళ్ళుగా యాదలక్ష్మి ఆ చచ్చిపోయిన మనిషిని తిట్టుకుంటూనే ఉంది. ఆ మాట ఇప్పుడు ఎవరితో చెప్పుకోవాలి? ఇంకొక్కటే మిగిలింది. అది అడగకపోతే ఇక ఎప్పటికీ లేదు.

"మన్ను... మొఖం మీద పడ్డదా మామా?"

మట్టయ్యకు కోపమొచ్చింది. నిజంగానే కోపమొచ్చింది, పాతకాలపు మామ కోపం. "పడనిస్తనా? నేనేమన్న రాయినా? మీ అత్త కొంగు గుంజి కప్పిన. మొఖం ఆమె దిక్కు తిప్పి, కొంగు కప్పి, చేతులతోనే మన్ను వేసిన. ఒక్క పలుకు గూడ పడలే వాని మీద."

యాదలక్ష్మి గంపను పక్కకు నెట్టి, ఆయన పాదాల దగ్గర కూర్చుని, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. అప్పుడు ఆ చావింట్లో ఏడవాల్సిన ఏడుపు అది. గట్టిగా, వరండా అవతలికి వినపడేలా ఏడ్చింది. ఎవరు వింటే ఏమిటి! మట్టయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు అట్లే ఉంచాడు.

ఏడుపు కాస్త నెమ్మదించాక, తల మీది చెయ్యి కదిలింది. యాదలక్ష్మి తలెత్తి చూసింది. మామ కళ్ళు మళ్ళీ ఎటో వెళ్ళిపోయాయి. కోపం పోయింది, భయం పోయింది. ముఖం నిమ్మళంగా ఉంది. ఆమెను చూసి, ఇంట్లో చాలా కాలంగా ఎవరూ పలకని పేరుతో పిలిచాడు.

"రాములమ్మా, పోరడు పండిండా?"

యాదలక్ష్మి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పండిండు," అంది. "నా పక్కనే పండిండు. సల్లగ పండిండు."